తప్పుకీ దిద్దుబాటుకీ మధ్య దూరం
గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం



గిడుగు వెంకట రామమూర్తి గారి స్మృతిలో జరిగే సభల్లో వ్యావహారిక భాషోద్యమమే ఎక్కువగా మాటకు వస్తుంది. అది సహజం, న్యాయం కూడా. ఈ ఉపన్యాసం ఆయన తలకెత్తుకున్న మరో పనిని పట్టుకుని మొదలవుతుంది. 1880లో పర్లాకిమిడి బడిలో చిన్న తరగతుల పంతులుగా చేరిన రామమూర్తి గారు, ఆ చుట్టుపక్కల కొండల్లో బతికే సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. చదివి నేర్చుకుందామంటే ఆ భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూ నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, సవర నిఘంటువు 1938లో వెలువడింది.  ఆ సవర కొండల అంచున ఉన్న గుణుపురం ఇప్పుడు ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఉంది.

గొంతులో ఊపిరిని ఠక్కున ఆపి పలకాల్సిన ధ్వనులు సవరలో ఉన్నాయి. తెలుగుకు అలవాటుపడిన చెవికి అవి మొదట అందవు, నాలుకకు అసలే అందవు. అలాంటి భాషను పెద్దవయసులో నేర్చుకునేవాడు రోజూ తప్పులు పలకాల్సిందే. అయితే ఆ తప్పులకు ఒక సౌకర్యం ఉంది. మాట నోట్లోంచి బయటపడిన మరుక్షణంలోనే ఎదుటి మనిషి ముఖం చెప్పేస్తుంది. అర్థమైతే జవాబు వస్తుంది, కాకపోతే కనుబొమ్మలు ముడిపడతాయి. మాట్లాడినవాడు అక్కడికక్కడే దిద్దుకుంటాడు.

తప్పులు చేస్తేనే పని వస్తుందని అందరూ ఒప్పుకుంటారు. ఎలాంటి తప్పు, ఎంతసేపట్లో బయటపడే తప్పు, ఎవరి ఖర్చుతో జరిగే తప్పు అని అడిగేవారు తక్కువ. ఒడిశాలోని ఆ కొండసీమలో, అంటే కోరాపుట్, రాయగడ జిల్లాల్లో, చేతులతో చేసే పనులను వరసగా చూస్తే ఈ ప్రశ్నలకు కొన్ని జవాబులు దొరుకుతాయి. చెయ్యి తప్పిన క్షణానికీ, తప్పిందని ఆ చేతికి తెలిసే క్షణానికీ మధ్య ఉన్న దూరమే నేర్పును నిర్ణయిస్తోందని అవి చెబుతాయి. కొన్ని పనుల్లో ఆ దూరం ఒక క్షణం, కొన్నిటిలో మూడు వారాలు, కొన్నిటిలో ఏడాది. ఆ దూరాన్ని తగ్గించగలిగినవాడే మంచి గురువు. తగ్గించడం కుదరని చోట, నేర్చుకునేవాడి తప్పు ఎవరినీ ముంచకుండా అడ్డు కట్టేది మంచి వ్యవస్థ.

ఆకురాయి కింద వెలుతురు

ముందుగా దూరం అతి తక్కువగా ఉన్న పనిని చూద్దాం. ఐటీఐల్లో ఫిట్టర్ చదువు రెండేళ్ళు. మొదటి నెలల్లో కుర్రాడి చేతికి ఇచ్చేది ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి. ముక్కను బెంచి వైస్‌లో బిగించి ఒక ముఖాన్ని చదునుగా రాయాలి. పక్క ముఖం దానికి సరిగ్గా తొంభై డిగ్రీల్లో నిలవాలి. వినడానికి ఇంతే. అలవాటు లేని చెయ్యి ఆకురాయిని తోసేటప్పుడు ఉయ్యాలలా ఊగుతుంది. తోపు మొదట్లో వెనక కొన, చివర్లో ముందు కొన కిందికి దిగుతాయి. దాంతో ముక్క అంచులు అరిగిపోయి నడుమ ఉబ్బెత్తుగా మిగులుతుంది. కంటికి మాత్రం చదునుగానే కనిపిస్తుంది.

అప్పుడు మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తారు. చదునుగా ఉంటే ఇనుముకూ మట్టానికీ మధ్య వెలుగు దూరదు. ఉబ్బు ఉంటే రెండు అంచుల దగ్గరా సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఇందులో గురువు మెచ్చుకోళ్ళకూ తిట్లకూ చోటు లేదు. తప్పు ఎక్కడుందో, ఎంతుందో వెలుతురే చూపిస్తుంది. కుర్రాడు మళ్ళీ వైస్ దగ్గరికి వెళ్ళి, ఈసారి మోచేతిని ఒంటికి దగ్గరగా పెట్టి, బరువును రెండు చేతుల మధ్య మార్చుకుంటూ తోస్తాడు. ఒక్క పూటలో ఇది పదులసార్లు జరుగుతుంది. ఆ చెయ్యి నిలకడ నేర్చుకునేది ఉపన్యాసంతో కాదు, ఆ రాకపోకలతోనే.

ఇదే పనిలో రెండో పాఠం కూడా ఉంది. కొలత కంటే లోహం ఎక్కువ మిగిలితే మళ్ళీ రాయవచ్చు. కొలత దాటి రాసేస్తే ఆ లోహం తిరిగి రాదు, ముక్క పారేయాల్సిందే. దిద్దుకోగల తప్పుకూ దిద్దుకోలేని తప్పుకూ ఉన్న తేడాను ఫిట్టర్ కుర్రాడు మొదటి నెలలోనే వేళ్ళతో తెలుసుకుంటాడు. అందుకే గీసిన గీత దగ్గరపడేకొద్దీ అతని తోపు తేలికవుతుంది, కొలవడం ఎక్కువవుతుంది.

నియమగిరి కొండల్లో డొంగరియా కొంధు ఆడవాళ్ళు కుట్టే కపడాగండా శాలువా దిద్దుకోగల తప్పుల పని. తెల్లటి ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, త్రికోణాలు కుడతారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుట్టు వంకర పోతే ఆ దారాన్ని లాగేసి మళ్ళీ కుట్టవచ్చు, గుడ్డకు పెద్దగా నష్టం ఉండదు. చిన్నపిల్లలు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని సూది పట్టగలిగేది అందుకే.

దారి పక్కన మెకానిక్ షెడ్డుది ఇంకో తీరు. రాయగడ పట్నంలో తెలుగు, ఒడియా కలగలిసి వినిపించే షెడ్లు చాలా ఉంటాయి. పదహారేళ్ళ కుర్రాడికి పానా ఇచ్చి ఇంజను కింది బోల్టు బిగించమంటే, ఎంత బిగించాలో మాటల్లో చెప్పడం ఎవరి తరమూ కాదు. బోల్టు మొదట తేలిగ్గా తిరుగుతుంది. తర్వాత ఆనుకుంటుంది. ఆపైన గట్టిపడుతుంది. అక్కడ ఆగకుండా ఇంకా తిప్పితే ఉన్నట్టుండి మళ్ళీ వదులవుతుంది. అంటే అల్యూమినియం కేసింగులోని మరలు చిరిగిపోయాయన్నమాట. ఆ వదులును ఒక్కసారి అనుభవించిన మణికట్టు దాన్ని మరిచిపోదు. ఒకటే చిక్కు: ఆ మొదటిసారి ఖాతాదారు బండి మీద జరిగితే నష్టం ఖాతాదారుది, కోపం యజమానిది, దెబ్బలు కుర్రాడివి. పాత సామాన్లలో పడి ఉన్న కేసింగు ఒకటి తెచ్చి, మరలు చిరిగేదాకా బిగించి చూడమని చెప్పే మేస్త్రీ అదే పాఠాన్ని పాత ఇనుము ఖరీదుకు నేర్పుతాడు.

కోట్‌పాడ్ ఎరుపు

కోరాపుట్ జిల్లాలోని జయపురానికి పడమరగా, ఛత్తీస్‌గఢ్ దారిలో కోట్‌పాడ్ ఉంది. అక్కడి మిర్గాన్ నేతగాళ్ళ బట్టలకు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒడిశా నుంచి ఆ గుర్తింపు పొందిన మొట్టమొదటి వస్తువు అదే. ఆ ఊరి నేతగాడు గోవర్ధన్ పాణికాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. చేప, పీత, శంఖం, విల్లు వంటి బొమ్మలతో గుంటమగ్గం మీద నేసే ఆ చీరలకూ తువ్వాళ్ళకూ పేరు తెచ్చింది ఎక్కువగా వాటి రంగే. మంకెన ఎరుపు నుంచి ముదురు గోధుమ దాకా పోయే ఆ ఛాయలు ఆల్ చెట్టు వేరు బెరడు నుంచి వస్తాయి. ఇనుప లవణం కలిపితే రంగు నల్లబారుతుంది.

ఈ అద్దకంలో తప్పుకీ దాని ఆనవాలుకీ మధ్య దూరం చాలా ఎక్కువ. తెల్ల నూలును నేరుగా వేరు రంగులో ముంచితే రంగు నిలవదు. ముందు ఆముదం, బూడిద నీళ్ళు, పేడ పట్టించి, ఆరబెట్టి, ఉతికి, మళ్ళీ పట్టించి, రోజుల తరబడి నూలును సిద్ధం చేయాలి. ఆ తర్వాతే దంచిన వేరు పొడితో మరిగించడం. మొత్తం పని మూడు, నాలుగు వారాలు సాగుతుంది. మొదటి వారంలో నూనె సరిగ్గా పట్టకపోయినా ఆ రోజున నూలు చూడటానికి బాగానే ఉంటుంది. రంగులో వేశాక మచ్చలు మచ్చలుగా తేలుతుంది, లేదా ఉతికినప్పుడు వెలిసిపోతుంది. అప్పటికి చేసిన పనుల వరస చాలా పొడవు. తప్పు నూనెలో జరిగిందా, బూడిద నీళ్ళ ఘాటులోనా, ఎండలోనా, వేరు వయసులోనా? ఒంటరిగా నేర్చుకునేవాడు దాన్ని తేల్చుకోలేడు. మూడు వారాల శ్రమ పోతుంది, నూలు డబ్బు పోతుంది, పాఠం మాత్రం చేతికి రాదు.

ఇలాంటి పని ఇళ్ళలోనే, పెద్దవాళ్ళ పక్కనే ఎందుకు నిలిచిందో దీన్నిబట్టి తెలుస్తుంది. అద్దకంలో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతుల మీదుగా సాగుతుంది. అనుభవం ఉన్న మనిషి తడి నూలును పిడికిట్లో పిండి, జిగురు చూసి, వాసన చూసి, ఇంకో పూట ఎండనివ్వాలో వద్దో అక్కడే చెబుతుంది. మూడు వారాల తర్వాత రంగు చెప్పాల్సిన తీర్పును ఆమె వేళ్ళు మూడోనాడే చెబుతున్నాయి. నేర్చుకునే పిల్లకు గురువు వల్ల ఒరిగేది ఇదే: ఎప్పుడో తేలవలసిన తప్పు ఈ పూటే తేలుతుంది. అలాంటి పెద్దలు ఒక తరంలో తగ్గిపోతే, తయారీ పద్ధతి మొత్తం పుస్తకంలో రాసి ఉంచినా కొత్తవాళ్ళు ప్రతి తప్పుకీ మూడేసి వారాలు చెల్లించాలి.

ఏడాదికి ఒక్కసారి

వ్యవసాయానికి ఆ గడువు ఇంకా పెద్దది. ఒక రైతు నలభై ఏళ్ళు సేద్యం చేస్తే ఖరీఫ్ వరి మీద ఆయన చేయగలిగే ప్రయోగాలు నలభై. ఆకురాయి పట్టిన కుర్రాడు వారంలో చేసే తప్పులన్ని ఆయన జీవితకాలంలోనూ చేయలేడు. పైగా ఆయన తప్పు ఇంటి గింజల మీద పడుతుంది.

కోరాపుట్ కొండల రైతులు ఈ చిక్కును ఎలా విప్పుకున్నారో వాళ్ళ పొలాలే చెబుతాయి. జయపురం ప్రాంతంలో 1955–59 మధ్య జరిగిన సర్వేలో 1700కు పైగా దేశవాళీ వరి రకాలను సేకరించారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ గుర్తించింది. ఆ సంగతిని 2012 జనవరిలో భువనేశ్వర్ సైన్స్ కాంగ్రెస్‌లో ప్రకటించారు. ఇన్ని రకాలు ఊరికే పోగుపడలేదు. మెట్టకు ఒక రకం, నడిమి పొలానికి ఒక రకం, వాగు పల్లంలో మెట్లుమెట్లుగా దిద్దిన ఝోలా మళ్ళకు మరో రకం వేసి చూశారు. పండినదాన్ని ఉంచుకున్నారు, ఎండిపోయినదాన్ని వదిలేశారు. ఒక్కో రకం వెనక కొన్ని తరాల వైఫల్యాలున్నాయి. అవి మడి చివర చిన్న చెక్కలో జరిగాయి కాబట్టి ఇల్లు గడిచింది.

డొంగరియా కొంధుల కొండచేలల్లోనూ ఇదే జాగ్రత్త. చోడి, సామ, కొర్ర, కంది, అలసంద వంటివి ఒకే వాలులో కలిపి వేస్తారు. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి చేతికి వస్తుంది. ఏ ఏడు ఏది నిలిచిందో, ఏది పోయిందో పక్కపక్కనే కనిపిస్తుంది. ఒకే పంట వేసిన చేను అయితే పండిందనో పోయిందనో ఒకే మాట చెబుతుంది. కలిపి వేసిన చేను ఒకే వానాకాలంలో అరడజను ప్రశ్నలకు జవాబిస్తుంది. ఏడాది దూరాన్ని ఎవరూ తగ్గించలేరు. ఒక ఏడాదిలో ఎక్కువ పాఠాలు ఇమిడేలా చేలను దిద్దుకోవడం మాత్రం ఆ రైతుల తెలివి.

బొయిపరిగుడ దగ్గర పాత్రాపుట్ గ్రామానికి చెందిన కమలా పుజారిని ఇక్కడ తలుచుకోవాలి. జయపురంలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థతో కలిసి ఆమె దేశవాళీ విత్తనాలు సేకరించారు, దాచారు, తోటి రైతులకు పంచారు. 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 జులైలో కన్నుమూశారు. పంట కోతకు ముందు చేలో తిరిగి, కేళీలను (కలిసిపోయిన వేరే రకం మొక్కలను) ఏరిపారేసి, మంచి వెన్నులను విడిగా కోసి దాచే పని బయటికి చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి అది గింజల రూపంలో దాచిన అనుభవం. విత్తన నిధి ఉన్న ఊళ్ళో ఒక రైతు వేసిన రకం పోతే వచ్చే ఏడు పక్కింటి నుంచి మరో రకం తెచ్చుకుంటాడు. విత్తనమంతా బజారు నుంచి అప్పు మీద తెచ్చి, ఉన్న భూమంతా ఒకే రకం వేసిన రైతుకు ఆ వెసులుబాటు లేదు. ఆయన చేసిన తప్పు కూడా అదే రకం తప్పు కావచ్చు, కాకపోతే అప్పు తీర్చడానికి పొలం అమ్ముకున్నవాడికి నేర్చుకున్నది వాడే చోటు మిగలదు.

సునాబెడలో ఇంజన్లు

కొన్ని పనుల్లో తప్పు అసలు జరగకూడదు. కోరాపుట్ జిల్లా సునాబెడలోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ల కర్మాగారం అలాంటిది. మిగ్–21 విమానాలను ఇక్కడే తయారుచేసుకోవడానికి సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరాక, 1963 ఆగస్టులో ఏరోనాటిక్స్ ఇండియా లిమిటెడ్ ఏర్పడింది. విమాన దేహానికి నాసిక్, ఇంజనుకు కోరాపుట్, ఎలక్ట్రానిక్ పరికరాలకు హైదరాబాద్ అని మూడు చోట్ల కర్మాగారాలు అనుకున్నారు. 1964 అక్టోబరు 1న ఈ సంస్థ బెంగళూరు సంస్థతో కలిసి ఇప్పటి హెచ్‌ఏఎల్ అయింది. ఆరు దశాబ్దాల సేవ తర్వాత మిగ్–21ను వాయుసేన 2025 సెప్టెంబరు 26న సాగనంపింది. సునాబెడలో పని మాత్రం ఆగలేదు. సుఖోయ్–30 విమానాల కోసం 240 ఇంజన్లకు 2024 సెప్టెంబరులో 26,000 కోట్ల రూపాయలకు పైగా విలువైన ఒప్పందం కుదిరింది.

జెట్ ఇంజను అంటే ఏమిటో ఎరగని కొండప్రాంతంలో, పరాయి భాషలో ఉన్న నమూనా పటాలతో మొదలైన కర్మాగారం ఈ విద్యను ఒక్కసారిగా మింగలేదు. లైసెన్సు పద్ధతిలో తయారీ మెట్లుమెట్లుగా సాగింది. ముందు దాదాపు సిద్ధంగా వచ్చిన భాగాలను బిగించడం, తర్వాత విడి భాగాలతో కూర్చడం, చివరికి ముడి లోహం నుంచి భాగాలను ఇక్కడే చేసుకోవడం. ప్రతి మెట్టు మీదా చేతిలో ఉన్న పని కష్టం కొంచెం పెరుగుతుంది, తప్పు జరగగల చోట్లు కొన్ని పెరుగుతాయి. కింది మెట్టు మీద చెయ్యి స్థిరపడ్డాకే పై మెట్టు.

అన్నీ బిగించిన ఇంజను కూడా సరాసరి విమానంలోకి పోదు. ముందు టెస్ట్ బెడ్ మీద నేలకు బిగించి నడుపుతారు. వేడి, ఒత్తిడి, అదురు, చమురు ఖర్చు కొలుస్తారు. లోపం ఉంటే అక్కడే బయటపడాలి. ఆకాశంలో తేలవలసిన తప్పును నేల మీదికి దించడానికే ఆ కట్టడం. ఫిట్టర్ కుర్రాడి మూలమట్టం, అద్దకం చేసే పెద్దావిడ పిడికిలి, రైతు మడి చివర చెక్క, ఈ టెస్ట్ బెడ్ అన్నీ ఒకే అవసరం నుంచి పుట్టినవి.

విమానరంగం ప్రపంచమంతటా ఇంకో సంగతి కూడా ఆలస్యంగా, ప్రాణాలు పోయాక తెలుసుకుంది. జరిగిన తప్పును చెప్పినవాడిని శిక్షిస్తే మరుసటిసారి ఎవరూ చెప్పరు. అమెరికాలో 1976 నుంచి నాసా ఒక వ్యవస్థ నడుపుతోంది. పైలట్లు, కంట్రోలర్లు, మెకానిక్కులు తాము చేసిన పొరపాట్లను, త్రుటిలో తప్పిన ప్రమాదాలను పేరు బయటపడకుండా దానికి రాసి పంపవచ్చు. శిక్షించే అధికారం ఉన్న విమానయాన శాఖ చేతికి ఆ లేఖలు నేరుగా పోకుండా మధ్యలో నాసాను నిలబెట్టారు. ఒకడి చేతిలో జరిగిన పొరపాటు వేలమందికి పాఠం కావాలంటే ముందు అతనికి నోరు విప్పే ధైర్యం ఉండాలని ఆ ఏర్పాటు గుర్తించింది.

దాచిన తప్పు

తప్పుకూ దిద్దుబాటుకూ మధ్య దూరాన్ని అన్నిటికంటే ఎక్కువగా పెంచేది భయం. 1990ల్లో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి నాయకత్వం ఉన్న నర్సుల బృందాల్లో తప్పులు తక్కువగా ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి. ఆ బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. కారణం వెతికితే తేలింది ఏమిటంటే, అక్కడ తప్పును బయటపెట్టడానికి ఎవరూ జంకడం లేదు. మిగతా చోట్ల తప్పులు కాగితం దాకా రాలేదు.

జర్మనీలో మైకేల్ ఫ్రేజె, ఆయన సహచరులు శిక్షణ పద్ధతుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఒక బృందానికి ప్రతి మెట్టూ చెప్పి తప్పు జరగనివ్వకుండా నేర్పుతారు. ఇంకో బృందానికి కొద్దిగా చెప్పి, స్వయంగా తడుముకోనిచ్చి, తప్పులు జరిగితే మంచిదేనని, వాటి నుంచి నేర్చుకోవాలని ముందే చెబుతారు. ఇలాంటి 24 అధ్యయనాలను నీనా కీత్, ఫ్రేజె 2008లో ఒకచోట చేర్చి చూశారు. శిక్షణ అయ్యాక, ముఖ్యంగా ఎన్నడూ చూడని కొత్త పని ఎదురైనప్పుడు, తప్పులు చేస్తూ నేర్చుకున్నవారే మెరుగ్గా నిలిచారు. ఇందులో స్వేచ్ఛ ఒక్కటే కాదు, తప్పు జరిగినా ఫరవాలేదన్న మాట గురువు నోటి నుంచి రావడం కూడా భాగమే.

రామమూర్తి గారి భాషా వాదంలోనూ ఈ ఎరుక కనిపిస్తుంది. ఆ రోజుల్లో బడిపిల్లలు ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో రాయాలి. రాసిన ప్రతి వాక్యంలోనూ తప్పు పడుతుందన్న భయం. ఆయన ఏం చేశారు? గ్రాంథికమే శరణ్యమన్న పండితుల రచనలనే ముందు పెట్టుకుని, వాళ్ళ వ్యాకరణం ప్రకారమే వాళ్ళు చేసిన తప్పులను ఏరి చూపించారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అలాంటి పుస్తకమే. పండితులను అవమానించడం అందులో ముఖ్యం కాదు. నోటికీ చెవికీ అలవాటు లేని భాషలో దిద్దుబాటు ఎప్పటికీ పూర్తికాదని, అది పెద్దవాళ్ళకే లొంగనప్పుడు పిల్లల మీద రుద్దకూడదని ఆయన వాదన. మాట్లాడే భాషలో తప్పు జరిగితే పక్కవాడు దిద్దుతాడు. ఎవరూ మాట్లాడని భాషలో తప్పు జరిగితే దిద్దడానికి పుస్తకం తప్ప మనిషి లేడు.

సవర కొండల్లో తిరిగినప్పుడు ఆయనకు మలేరియా సోకింది. వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. పలికిన మరుక్షణం తప్పును చెప్పే చెవి మూసుకుపోయాక కూడా ఆయన ఆ పనిని వదలలేదు. పాతికేళ్ళకు పైగా పోగుచేసిన పదాలను, వాక్యాలను వ్యాకరణంగా, నిఘంటువుగా అచ్చులోకి తెచ్చారు.

ఎవరి ఖర్చుతో

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. తప్పుల విలువ గురించి మాట్లాడేటప్పుడు వాటి ఖరీదు ఎవరు కడుతున్నారో చూడాలి. కోరాపుట్ నేల మీద మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు, ఎగువ కోలాబ్ జలాశయం, సునాబెడ కర్మాగారం, దమన్‌జోడి అల్యూమినా కర్మాగారం వచ్చాయి. వాటి వల్ల దేశానికి కరెంటు, లోహం, ఇంజన్లు వచ్చాయి. వాటి కోసం గిరిజన కుటుంబాలు ఊళ్ళు విడిచాయి. పునరావాసంలో జరిగిన పొరపాట్లను తర్వాతి ప్రాజెక్టులు దిద్దుకున్నాయని కాగితాల మీద రాసుకోవచ్చు. ఊరు పోయిన మనిషికి ఆ ఊరు రెండోసారి ప్రయత్నించి చూసుకునే వీలు ఉండదు. నేర్చుకున్నది ఒకరు, నష్టపోయింది ఇంకొకరు అయినప్పుడు దాన్ని శిక్షణ అని పిలవడం అన్యాయం.

2013 ఏప్రిల్ 18న నియమగిరి బాక్సైట్ గనుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ దిశలో పెద్ద మలుపు. నిర్ణయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. రాయగడ, కలహండి జిల్లాల్లోని పన్నెండు గ్రామసభలూ గనులు వద్దన్నాయి. ఖరీదు కట్టాల్సినవాళ్ళను ముందుగా అడగడం వల్ల తిరిగిరాని నష్టం ఒకటి ఆగింది.

షెడ్డుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పదిహేనేళ్ళ కుర్రాడు కరెంటు తీగ పట్టుకుని నేర్చుకోకూడదు. వెల్డింగు వెలుగును నల్ల అద్దం లేకుండా చూసి నేర్చుకోకూడదు. కన్ను పోయాక ఆ పాఠం ఎంత విలువైనదైనా అతనికి పనికిరాదు. అలాంటి చోట్ల కచ్చితమైన నియమం, కాపలా కావాలి. మిగతా చోట్ల చెయ్యి వదలాలి. ఏది ఏ రకం పనో విడదీసి చెప్పగలగడం గురువుకు మొదటి అర్హత.

చేయగలిగినవి

కోరాపుట్, రాయగడల్లోనే కాదు, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఐటీఐలు, శిక్షణ కేంద్రాలు, నేత సంఘాలు, రైతు బృందాలు ఉన్నాయి. వాటిలో కొన్ని మార్పులకు పెద్ద ఖర్చు పట్టదు.

ఐటీఐల్లో ప్రతి విద్యార్థికీ పాడుచేయడానికని కొంత ఇనుము, కొన్ని పాత కేసింగులు విడిగా కేటాయించాలి. సామాను తక్కువైన చోట బోధకుడు పని చేసి చూపిస్తాడు, ముప్ఫైమంది నిలబడి చూస్తారు. చూసిన కంటికి పని వచ్చినట్టు అనిపిస్తుంది, చెయ్యి మాత్రం ఖాళీగానే ఉంటుంది. ప్రయోగ పరీక్షలో పూర్తయిన ముక్కకు మార్కులు వేసేటప్పుడు, అందులోని లోపాన్ని విద్యార్థి తానే కొలిచి, కారణం చెప్పగలిగితే దానికీ మార్కులుండాలి. అప్పుడు లోపాన్ని దాచడం కంటే చూపించడం అతనికి లాభం అవుతుంది.

అద్దకం నేర్పే చోట వెలిసిపోయిన చిలపలను పారేయకుండా, ఏ రోజు నూనె పట్టించారు, ఎన్ని ఎండలు ఆరింది, వేరు ఎంత వేశారు అన్నది చీటీ కట్టి గోడకు వేలాడదీయవచ్చు. మూడు వారాల తర్వాత తేలిన తప్పును మొదటి వారం పనితో కలిపి చదవడానికి కొత్తవాళ్ళకు అదొక దారి. విత్తన బృందాలు ఊరికో ప్రయోగపు మడిని ఉమ్మడిగా పెట్టుకుంటే, కొత్త రకం పోయినప్పుడు నష్టం ఇరవై ఇళ్ళకు పలచగా సర్దుకుంటుంది, పాఠం ఇరవై ఇళ్ళకూ పూర్తిగా అందుతుంది.

ఒడిశా ప్రభుత్వం 2007 ప్రాంతంలో సవర, కుయి, కువి, కోయ, బొండా సహా పది గిరిజన భాషల్లో బహుభాషా విద్యను మొదలుపెట్టింది. ఆ బడులకు వెళ్ళే ఉపాధ్యాయుల్లో పిల్లల భాష మాట్లాడటానికి వెనకాడేవారు ఉండవచ్చు. తప్పు పలికితే తరగతి నవ్వుతుందని జంకు. నవ్వనివ్వాలి. పంతులు తప్పు పలికితే పిల్లలు దిద్దుతారు, తర్వాత పిల్లలు లెక్క తప్పితే పంతులు దిద్దుతాడు. బోధనా శిక్షణ కళాశాలలు ఈ మాటను పాఠ్యప్రణాళికలో రాసి, కొత్త ఉపాధ్యాయుడి మొదటి ఏడాదిలో వారానికి ఒక గంటను పిల్లల దగ్గర వాళ్ళ భాష నేర్చుకోవడానికే కేటాయిస్తే చాలు. ఆ గంటకు పాఠ్యపుస్తకం అవసరం లేదు. పర్యవేక్షణకు వచ్చే అధికారి ఆ గంటలో పంతులు ఎన్ని తప్పులు పలికాడని కాకుండా, పిల్లలు వాటిని ఎంత చొరవగా దిద్దారని చూడాలి.